నల్లబల్ల మీద పేర్లు వద్దు

రాబోయే సర్వసభ్య సమావేశమునకు వచ్చిన తీర్మానములలో ఒకదానిని గూర్చి మా అభిప్రాయమును ముందుగానే ఈ పత్రిక ద్వారా మనవి చేయదలచినాము. నూలు బాకీ తీర్చని సభ్యుల పేర్లను, బాకీ మొత్తములతో సహా, సంఘ కార్యాలయము వాకిట నల్లబల్ల మీద వ్రాసిపెట్టవలెనన్నది ఆ తీర్మానము. తెచ్చినవారు మంచివారే, సంఘము మేలు కోరినవారే. బాకీలు రాక, నూలు కొనుటకు చేతిలో పైకము లేదన్న మాటయు నిజమే. అయినను మేము ఆ తీర్మానమునకు వ్యతిరేకము. వసూళ్లు చేయవలసిన కార్యదర్శియే వసూళ్లకు అడ్డుపడుట ఏమని కొందరు అడుగుదురు. బూదికోట సంఘము గొడవ తమకెందుకని పై ఊళ్ల వారు అనుకొనవచ్చును. ఈ నల్లబల్ల ఆలోచన నేడు మా ఊరికి వచ్చినది. రేపు మీ ఊరికి వచ్చును.

మాకు ఇది క్రొత్త సంగతి కాదు. 2014లో మేము క్రొత్తగా కార్యదర్శి పదవిలోకి వచ్చిన దినములలో ఈ పని మేమే స్వయముగా చేసినాము. మా కోలారు జిల్లాలో ఇంటి భాష తెలుగు, కచేరీ భాష కన్నడము. సహకార శాఖ కాగితములలో బాకీపడిన వానిని సుస్తీదారుడందురు. మేము ఆ మాటనే తెలుగు అక్షరములలో పెద్దగా వ్రాసి, క్రింద 14 పేర్లు సుద్దముక్కతో వ్రాసినాము. చేతివ్రాత బాగున్నదని ఒకరిద్దరు మెచ్చుకొన్నారు కూడ. మరునాడు నూలు చిలపల కోసము వచ్చిన ఒక అవ్వ, వెంటనున్న మనుమరాలి చేత ఆ బల్లను చదివించుకొని, "అయ్యో, ఇంతమందికి ఒక్కసారే సుస్తీ చేసిందా నాయనా? ఏం జబ్బు?" అని అడిగినది. కార్యాలయములో ఉన్నవారమంతా నవ్వినాము. ఆ అవ్వ కొడుకు పేరు పట్టికలో 3వది. మనుమరాలు తండ్రి పేరు దగ్గరకు వచ్చునప్పటికి గొంతు తగ్గించి, దానిని దాటి నాలుగవ పేరుకు పోయినది. మేము విన్నాము. విననట్లు లెక్కల పుస్తకము త్రిప్పుకొంటూ కూర్చున్నాము.

ఆయన సంగతికి మరల వత్తుము. ముందు ఈ సిగ్గు అనునది మన ఇండ్లలో ఎట్లు కాపురమున్నదో కొంచెము చూడవలెను. తెలుగులో దీనికి మాటలు చాల ఉన్నవి. క్రొత్త కోడలికి ఉండునది బిడియము. అది నాలుగు నెలలలో పోవును. పండుగకు పొరుగింటివారికి పట్టుచీర వచ్చి మన ఇంటికి రాకపోతే కలుగునది నామోషీ. పండుగ దాటితే అదియు పోవును. ఎవరు ఏమీ అనకపోయినను మనిషి తనంతట తానే గోడవారగా నడచుట మొదలుపెట్టునే, ఆ సిగ్గును గూర్చి మేము చెప్పుచున్నాము. అది వచ్చినంత తొందరగా పోదు.

గుంట మగ్గము మీద నేయువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి తల, వచ్చినవాని మోకాళ్లకు కొంచెము పైన ఉండును. సావుకారు గుమాస్తా వచ్చినను, బ్యాంకు ఉద్యోగి వచ్చినను, గణనకు వచ్చిన పంతులు వచ్చినను నిలబడియే మాట్లాడుదురు. నేతగాడు తలెత్తి బదులు చెప్పవలెను. పడుగు అడ్డముండగా మాటిమాటికి లేచుట కుదరదు. మా తండ్రిగారు నలుబది ఏండ్లు అట్లే మాట్లాడినారు. సంతలో నిలబడి తనకంటె పొట్టివానితో మాట్లాడునప్పుడు కూడ ఆయన తల కొంచెము పైకెత్తి, ఎదుటివాడు ఎత్తున ఉన్నట్లే మాట్లాడేవారు. చిన్నతనములో మాకది గర్వమని తోచినది.

ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవము జరుపుకొనుచున్నాము. 1905లో కలకత్తా సభలో స్వదేశీ ఉద్యమము మొదలైన దినమని 2015 నుండి ఆ తేదీని పెట్టినారు. వేదిక మీద పెద్దలు నేతవాడు లోకము మానము కాపాడువాడని చెప్పి శాలువ కప్పుదురు. కబీరు నేతవాడే, వచనములు చెప్పిన దేవర దాసిమయ్య నేతవాడే అని మన పత్రికలలో ఎన్నిసార్లు వ్రాసుకొనలేదు? వ్రాసినవారిలో మేమును ఉన్నాము. దాసిమయ్య పేరు చెప్పితే టీ అంగడిలో అరువు పుట్టదు. హైదరాలీ పుట్టిన ఊరని బూదికోట పేరు చరిత్ర పుస్తకములలో కనబడును. ఇక్కడి నేతవారి పేర్లు మాత్రము సంఘము బాకీల పుస్తకములో తప్ప మరెక్కడను కనబడవు.

వేదిక దిగి ఇంటికి వచ్చిన తరువాత మనము చేయుచున్నదేమి? సంబంధము మాట్లాడునప్పుడు "మగ్గం నేస్తాడు" అనుట లేదు. "టెక్స్‌టైల్ లైనులో ఉన్నాడు" అనుచున్నాము. బడి దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట పిల్లలు బిజినెస్ అని వ్రాయుచున్నారు. మనము చూచి ఊరకుండుచున్నాము. పెండ్లిచూపులకు వచ్చు నాడు ముందు గదిలోని మగ్గము మీద దుప్పటి కప్పిన ఇండ్లు మాకు తెలుసు. ఆ దుప్పటి కూడ ఆ మగ్గము మీద నేసినదే. వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణనలో దేశములోని చేనేత కుటుంబములు 31 లక్షలకు పైగా తేలినవి. వానిలో సుమారు మూడింట రెండు వంతుల కుటుంబముల నెల రాబడి 5,000 రూపాయలకు లోపే. పిల్లనిచ్చువాడు ఆ లెక్క చదువకున్నను ఎరుగును.

రేషను అంగడి సంగతి ఒకటి చెప్పవలెను. అక్కడ ఇప్పుడు యంత్రము మీద వ్రేలు పెట్టవలెను. నూలు రాపిడికి, గంజికి, రంగులకు అరిగిన వ్రేళ్ల గీతలు ఆ యంత్రమునకు అందుట కష్టము. మా వీధిలోని ఒక పెద్దాయన మూడుసార్లు పెట్టి, పంచెకు తుడుచుకొని, నాలుగవసారి పెట్టి, అప్పటికిని పడకపోగా, వెనుక వరుసలోనివారి వైపు తిరిగి తప్పు తనదే అన్నట్లు నవ్వినారు. అరువది ఏండ్లు పనిచేసిన చేతులు అవి. ఆయన చేసిన తప్పేమో వరుసలో ఎవరికిని తెలియదు. అయినను అందరును ఆయన తప్పు చేసినట్లే చూచినారు.

ఈ వేలిముద్ర విషయములో మా పొరుగున జరిగిన పెద్ద కథ ఒకటి ఉన్నది. కోలారు బంగారు గనులు మా ఊరికి ఎంతో దూరము కావు. మా తండ్రిగారు జీతాల రోజులలో చీరల మూట ఎత్తుకొని ఛాంపియన్ రీఫ్, మారికుప్పము లైన్లకు పోయేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడువరకు మా ఇంటి చీరలకు అదే పెద్ద బేరము. గని నుండి పైకి వచ్చిన పనివానిని బంగారము దాచినాడేమోనని సోదా చేసి పంపేవారట. ఒళ్లు తడిమి చూచుటను ఓర్చుకొన్న ఆ పనివారే, 1930లో కంపెనీలు అందరి వేలిముద్రలు తీసి నమోదు చేయబోగా ఎదురుతిరిగినారు. తమిళులు, తెలుగువారు, కన్నడిగులు వేలమంది కలసి సుమారు మూడు వారములు గనిలోనికి దిగలేదు. వేలిముద్రలు నేరస్థుల వద్ద తీయునవి గాని కష్టజీవుల వద్ద కాదని వారి పట్టు. మా తండ్రిగారు ఈ సంగతి లైన్లలోని ముసలివారి నోట విని మాకు చెప్పేవారు. అందరును ఒక్కసారి సిగ్గుపడిరి గనుక అది కోపమైనది. రేషను అంగడిలో పెద్దాయన ఒంటరిగా నిలబడినారు గనుక అది నవ్వయినది.

ఈ ఒంటరి సిగ్గుకు ఖరీదు కూడ ఉన్నది. దానిని మనమే కట్టుచున్నాము. సావుకారు అంగడిలో చీర మడత విప్పి, వెలుతురుకు ఎత్తిపట్టి, పోగు తెగి అతికినచోటు పదిమంది ఎదుట వ్రేలితో చూపినప్పుడు, మజూరీలో 50 రూపాయలు తగ్గించినను 100 తగ్గించినను నేతగాడు నోరెత్తడు. తొందరగా ఆ చీర మడిచివేస్తే చాలుననుకొనును. ఆ పోగు సంగతి కొన్నవారికి ఎన్నటికిని తెలియదు. ఆ చీర పూర్తి ధరకే అమ్ముడుపోవును. లెక్క చదివి చెప్పుమని అడిగితే చదువు రాదని బయటపడును గనుక అడుగము. అప్పు ఎంత మిగిలినదని అడిగితే తీర్చుటకు వచ్చినాడనుకొందురని అడుగము. అడగందే అమ్మయినా పెట్టదు గదా, అడుగనివానికి సావుకారు లెక్క చెప్పునా? ఆంధ్రదేశములో 1991లో నూలు ధరలు మండిపోయినప్పుడు చీరాల ప్రాంతపు నేతవారి ఇండ్లలో ఆకలి చావుల వార్తలు వచ్చినవి. చుట్టును వరిచేలున్న సీమ అది. తలుపు చేరవేసి పస్తుండే ఇల్లు పొరుగింటికి కనబడదు. అది వేసి ఉంచునది ఎవరో మనకు తెలియని సంగతి కాదు.

మేము చదివినది పదవ తరగతి. అయినను సహకార శిక్షణ తరగతిలో ఒక అధ్యాపకుడు చెప్పిన మాట మాకు జ్ఞాపకమున్నది. 1776లో ఆడం స్మిత్ అను స్కాట్లండు పండితుడు దేశముల సంపదను గూర్చి వ్రాసిన పెద్ద పుస్తకములో అవిసెనార చొక్కా ప్రసక్తి తెచ్చినాడట. పూర్వము గ్రీకులు, రోమనులు ఆ చొక్కా లేకుండనే సుఖముగా బ్రతికినారు. తన కాలములో మాత్రము దినకూలివాడు కూడ అది లేనిదే నలుగురిలోకి వచ్చుటకు సిగ్గుపడునని ఆయన చెప్పినాడట. పుస్తకమంతా చదువుటకు మాకు శక్తి లేదు గాని, ఈ ఒక్క సంగతి నేతవానికి బాగుగా అర్థమగును. సిగ్గు చొక్కాలో లేదు. చూచువారి కన్నులలో ఉన్నది. చూపు మారితే అదియు మారును. 1921లో గాంధీగారు మధురలో చొక్కా విడిచి కొల్లాయి కట్టినారు. 1931లో అదే గుడ్డతో లండనులో చక్రవర్తిని చూడబోయినారు. ఆ తరువాత కొల్లాయి కట్టుట ఎవరికి సిగ్గు?

ఇక తీర్మానము తెచ్చినవారి వాదము వినవలెను. అది తేలికైనది కాదు. సహకారోద్యమమే పొరుగువారి కంటిచూపు మీద కట్టబడినదని వారందురు. నిజమే. మద్రాసు రాజధానిలో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరములలో ఇచ్చిన నివేదికలలో జర్మనీ దేశపు రైఫైజెన్ సంఘముల మార్గమును మన పల్లెలకు సూచించినారు. 1904లో వచ్చిన సహకార పరపతి చట్టమునకు ఆ ఆలోచనయే మూలము. ఆస్తి తాకట్టు లేని బీదవానికి పరపతి ఎట్లు పుట్టును? ఒకే ఊరివారు, ఒకరినొకరు ఎరిగినవారు, ఒకరి అప్పుకు ఒకరు బాధ్యులు, అదే హామీ. అటువంటప్పుడు బాకీపడినవాని పేరు నలుగురికి తెలియుటలో తప్పేమున్నదని వీరి ప్రశ్న.

ఎరుగుట వేరు, నల్లబల్ల మీద వ్రాయుట వేరు. ఎవరి మగ్గము ఆగినది, ఎవరి భార్యకు ఒంట్లో బాగులేదు, ఎవరి పడుగు వానకు తడిసినది అని పొరుగువాడు ఎరిగియుండుటకే ఆ హామీ. వాయిదా ముందే తెలిసి సర్దుబాటు చేయుటకు అది పనికివచ్చును. నల్లబల్ల వాయిదా దాటిన తరువాత వచ్చును. అది చదువువారిలో సగముమంది సంఘ సభ్యులే కారు; బస్సు కోసము నిలబడినవారు, కూరగాయలకు వచ్చినవారు. వారు బాకీ వసూలు చేయరు, హామీ ఉండరు, చదివిపోవుదురు, అంతే.

ఈ మార్గము చివరకు ఎక్కడికి పోవునో తెలుగువారు చూడనిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో సూక్ష్మ రుణముల కంపెనీలు వాయిదా కట్టని స్త్రీ ఇంటి ముందు ఆమె తోటి సభ్యురాండ్రనే కూర్చోబెట్టినవి. అప్పుపడిన ఆమెకంటె, వచ్చి కూర్చున్నవారే ఆమెకు భారమైనారు. ఆత్మహత్యలు జరిగిన తరువాత 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లను కట్టడి చేసినది. 2020 చివరలో ఫోను అప్పుల యాప్‌లవారు అప్పు తీసుకొన్నవాని ఫోనులోని పేర్లన్నిటికి అతని బాకీ సంగతి, ఫొటో పంపి పరువు తీయగా తెలంగాణలో కొందరు ప్రాణములు తీసుకొన్నారు. పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేసినారు. మన కర్ణాటకలోను ఇట్టి వేధింపులు మితిమీరగా 2025 ఫిబ్రవరిలో ఆర్డినెన్సు రావలసివచ్చినది. వారి ఫోనుకు, మా సుద్దముక్కకు ఖరీదులో తేడా ఉన్నది గాని చేయు పనిలో తేడా మాకు కనబడుట లేదు.

కేరళలో ఒక సహకార సంఘము బాకీదారుల ఫొటోలు, వివరములు బోర్డు మీద పెట్టినది. తీసివేయుమని సహకార శాఖ ఆజ్ఞాపించగా సంఘము హైకోర్టుకు పోయినది. ఊరిలో దండోరా వేయించుట పాత నియమములలో ఉన్నదే గదా అని కూడ వాదించినదట. 2024 డిసెంబరులో హైకోర్టు ఆ వాదము త్రోసివేసినది. బాకీ వసూలుకు చట్టప్రకారము దారులున్నవి. మనిషి పరువు బజారున పెట్టి వసూలు చేయరాదని, పరువుతో బ్రతుకుట రాజ్యాంగము ఇచ్చిన హక్కని చెప్పినది. ఆ తీర్పు కేరళది గదా, మనకేమి అని ఒక పాలకవర్గ సభ్యుడు అన్నారు. పరువు కూడ కేరళదేనా అని మేము అడుగలేదు. ఇక్కడ అడుగుచున్నాము.

ఇక 3వ పేరు సంగతి. ఆయన నూలు బాకీ 11,400 రూపాయలు. బల్ల మీద మేము వ్రాసిన అంకె సరియైనదే. బల్ల మీద వ్రాయనిది మరొకటి ఉన్నది. ఆ సంవత్సరము చివర లెక్కల తనిఖీలో తేలినదేమనగా, ఆయన నేసి ఇచ్చిన 9 చీరలకు మజూరీ 7,850 రూపాయలు సంఘమే ఆయనకు ఇవ్వవలసియున్నది. అమ్ముడుపోయిన తరువాత ఇత్తుమని చెప్పి నెలల తరబడి ఆపియుంచినాము. రెండును సరిచూచినచో ఆయన నిజముగా ఇవ్వవలసినది 3,550 రూపాయలు. ఆ మాట ఆయన మమ్ము ఎన్నడును అడుగలేదు. బల్ల మీద పేరు పడిన మనిషి వచ్చి, "నాకు మీరివ్వవలసినది ఉన్నది" అని ఎట్లడుగును? మేమును పుస్తకములోని రెండవ పుట త్రిప్పి చూడలేదు. సంఘము సభ్యులకు పడిన బాకీలకు నల్లబల్ల లేదు.

పేర్లు వ్రాసిన 10 దినములకు ఆయన తల్లి చిలపలకు వచ్చుట మానినది. ఆయన భార్య నీళ్ల కొళాయి దగ్గరకు అందరు పోయిన తరువాత పోవుచున్నదని, పాల డెయిరీకి కూతురిని పంపుచున్నదని మా ఇంటిలో చెప్పగా విన్నాము. బల్ల మీద వ్రాసిన 14 పేర్లును మగవారివే. వీధిలో ఆ పేర్లను మోసినవారు ఆడవారు. దేశములోని నేత పనివారిలో పదింట ఏడుగురు స్త్రీలని పైన చెప్పిన గణనయే చెప్పుచున్నది. కండెలు చుట్టినది, ఆసు పోసినది, గంజి పెట్టినది వారే; నూలు తెచ్చినప్పుడు సంతకము చేయుమని మాత్రము వారిని ఎవరును అడుగలేదు.

ఆయన మగ్గము కొయ్యలు అమ్మివేసి బెంగుళూరు పోయినారు. అక్కడ ఒక భవనమునకు కాపలాదారు. 2016లో బాకీ మొత్తము, అనగా తగ్గింపు పోను మిగిలినది, మేనల్లుని చేత పంపి రసీదు తెప్పించుకొన్నారు. తాను రాలేదు. నల్లబల్ల ఏనాడో తుడిచివేసినాము. మొదటి తనిఖీ కాగానే తుడిచినాము. అయినను ఆయన జాతరకు వచ్చినప్పుడు బస్సు దిగి, కార్యాలయమున్న బజారు వదలి, చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరుచున్నారని అందరు ఎరుగుదురు.

2023లో ఒకనాడు బంగారుపేట స్టేషనులో ఆయన మాకు ఎదురుపడినారు. తప్పించుకొనుటకు చోటులేదు, ఇద్దరికిని లేదు. ఆయనే ముందు నమస్కారము చేసి, మేము ఏమియు అడుగకుండనే, చొక్కా లోపలి జేబులో నుండి ఒక మడతపెట్టిన కాగితము తీసి మా చేతికిచ్చినారు. ఆ రసీదు. మా సంతకమే. మడతల దగ్గర చిరిగి, టేపు అతికించి ఉన్నది. కట్టి ఏడేండ్లయినది, ఏడేండ్లుగా ఆయన దానిని జేబులో పెట్టుకొని తిరుగుచున్నారు. ఏమనవలెనో తోచక, "అన్నా, టీ తాగుదాం రా" అన్నాము. "రైలు వచ్చేస్తుందప్పా" అన్నారు. ఆ రైలు రావడానికి ఇంకను నలుబది నిమిషములు ఉన్నది.

కార్యదర్శి వసూళ్లకు అడ్డుపడుచున్నాడనువారు దీనిని కూడ లెక్కలో వేసుకొనవలెను. ఆ 14 మందిలో బాకీ కట్టినవారు 9 మంది. వసూలైనదని అప్పుడు పాలకవర్గము సంతోషించినది. ఆ 9 మందిలో నేడు సంఘమునకు నేయుచున్నవారు ముగ్గురు. పైకము వచ్చినది, మగ్గములు పోయినవి. మగ్గములు పోయిన సంఘము నూలు ఎవరికి ఇచ్చును?

సిగ్గు అసలే వద్దని మేము అనుట లేదు. 1985 నాటి చట్టము చేనేతకు ప్రత్యేకించిన రకములను మరమగ్గము మీద నేయించి, చేనేత ముద్ర వేసి అమ్మువానికి సిగ్గుండవలెను. పాలకవర్గములో కూర్చొని తన బాకీని వాయిదా వేయించుకొనువానికి సిగ్గుండవలెను; అట్టి బాకీలను సమావేశములో బిగ్గరగా చదువవలెనని మేమే సవరణ తెచ్చుచున్నాము. మొదట చదువవలసినది కార్యదర్శి పేరిట ఉన్న 2,100 రూపాయలు. అది పండుగ అడ్వాన్సు.

మిగిలిన సభ్యుల విషయములో మా మనవి ఇది. ఒక్కొక్క ఇంటికి ఒక చీటీ, తెలుగులో, మడిచి ఇత్తుము. ఎడమవైపు సభ్యుడు సంఘమునకు ఇవ్వవలసినది, కుడివైపు సంఘము సభ్యునికి ఇవ్వవలసినది. రెండు అంకెలు ప్రక్కప్రక్కనే ఉండును. మజూరీ ఆపియుంచిన నెలలు కూడ వ్రాయుదుము. చదువలేనివారికి ఇంటిలో చదివి చెప్పుదుము. నిలబడి కాదు, మగ్గము గుంట ప్రక్కన నేల మీద కూర్చొని. నూలు తీసుకొన్న ఇంటిలో భార్యాభర్తలిద్దరి పేర్లును పుస్తకములో వ్రాయుదుము. అప్పటికిని కట్టగలిగి కట్టనివారు కొందరుందురు, లేకపోలేదు. వారికి చట్టము ప్రకారము నోటీసు ఇత్తుము. నోటీసు కవరులో పోవును.

చీటీలు వ్రాయుట మొదలుపెట్టినాము. 60 వరకు అయినవి. సమావేశమునకు ముందు వారము దినములు సాయంకాలము కూడ కార్యాలయము తెరచియుంచి, వచ్చినవారికి లెక్క చూపుదుము. పగటిపూట బజారున రాలేనివారు దీపములు పెట్టిన తరువాత రావచ్చును. పెరటి తలుపు గడియ తీసియుంచుదుము.